కోడలి చాట

మా సర్వే ప్రశ్నల్లో ఒకటి నాకు మొదటినుంచీ గొంతులో ముల్లు. "నెలసరి నొప్పి వల్ల పని మానేసిన రోజులు ఉన్నాయా?" హైదరాబాద్‌లో ఫ్యాను కింద కూర్చుని రాసిన ప్రశ్న అది. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లను ఎవరిని అడిగినా, నాకేమైనా మతి పోయిందా అన్నట్టు చూసేవాళ్లు. "పని మానితే ఎట్లనే బిడ్డా, కార్ఖానోళ్లు ఊకుంటరా?" అనేవాళ్లు. మానలేదు, ఎవరూ ఎన్నడూ మానలేదు. ఇంటింటికీ తిరిగి లేదు, లేదు, లేదు అని రాసుకోవడానికి ఎమ్మెస్సీ ఎందుకని సిరిసిల్లలో మా నాన్న యోహాను తెగ ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళిలో న్యాయం ఉంది కాబట్టే నాకు మరీ ఒళ్లు మండేది.

నేను పనిచేసేది డాక్టర్ స్నేహలత మేడం దగ్గర. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కాని ఆడవాళ్లలో ఎందరికి ఎండోమెట్రియోసిస్ ఉంది, అది బయటపడటానికి ఎంతకాలం పడుతోంది అన్నది ఆమె పరిశోధన. పేరుకు నోరు తిరగదు గానీ సంగతి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతుంది. అండాశయాల మీద, గొట్టాల చుట్టూ, పేగుల మీద. నెలనెలా లోపలి పొరతోపాటు ఇదీ రక్తం కారుస్తుంది. లోపలి రక్తానికి బయటికి దారి ఉంది, దీనికి లేదు. అక్కడే నిలిచి, చుట్టుపక్కల వాటిని జిగురు పెట్టినట్టు ఒకదానికొకటి అంటిస్తుంది. కొందరికి ప్రాణం తోడేసే నొప్పి. కొందరికి నొప్పే ఉండదు, పిల్లలు ఎందుకు కావడం లేదని కెమెరా ఆపరేషన్ చేసి వెతికితే కనబడుతుంది. ఇది ఉన్నవాళ్లంతా గొడ్రాళ్లు కారు. పిల్లలు కానివాళ్లందరికీ ఇది ఉండదు. రెంటికీ మధ్య ముడి ఎక్కడ పడుతుందో పూర్తిగా తెలిసినవాళ్లు లేరు. తెలియదు అని ఒప్పుకునే డాక్టరును నేను అదే మొదటిసారి చూడటం, అందుకే ఆమె దగ్గర చేరాను.

మా జట్టులో లెక్కలు చూసే గణేశ్‌కు మాత్రం తెలియదు అన్న మాట గిట్టదు. నేను పంపిన జవాబులు కంప్యూటర్‌లో వేసి, బీడీల పనివాళ్లలో ఈ నొప్పి బాగా తక్కువ ఉందని, ఇది ఎవరూ కనిపెట్టని సంగతని సంబరపడ్డాడు. తంబాకులో, అదే పొగాకులో, ఏదో గుణం ఉందేమోనట. తంబాకు ఘాటుకు తుమ్మి తుమ్మి కళ్లు వాచిన నాకు నవ్వొచ్చింది. కాదని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

కోరుట్లలో మా పెద్దమ్మ సాయవ్వ ఇంట్లో దిగేదాన్ని. అదే వాడకట్టులో భూమవ్వ ఇల్లు. భూమవ్వ భర్త సారయ్య కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాడు, పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు అజయ్, సిరిసిల్లలో మరమగ్గాల మీద పని, వారానికోసారి ఇంటికి వచ్చిపోతాడు. కోడలు వనితకు పెళ్లయి ఆరేళ్లు, పిల్లలు లేరు. మా పరిశోధనకు కావలసింది సరిగ్గా అలాంటివాళ్లే. అనుమానం ఉన్నవాళ్లను జగిత్యాలలో మేడం స్నేహితురాలి నర్సింగ్ హోంకు పంపుతామని వాడకట్టంతా చెప్పిపెట్టాను.

మొదటిసారి వెళ్లినప్పుడు అత్తాకోడళ్లిద్దరూ వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని చుట్టుతున్నారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. నేను వనితను అడుగుతాను, భూమవ్వ చెబుతుంది.

"ముట్టయినప్పుడు నొప్పి లేస్తదా వనితా?"

"నొప్పా? దానికేం నొప్పి. గుండ్రాయి లెక్కున్నది."

"పని బంద్ పెట్టిన రోజులున్నయా?"

"నా కోడలు ఒక్క నాగా పెట్టదు. కావాల్నంటె కార్ఖానల అడుగు."

"అత్తా, నోరు ఆమెకు సుత ఉన్నది గదా. జెర ఆమెను చెప్పనియ్యి."

"దాని నోరు యాడికి పోలె, చేతులకు పనున్నది. నాకు రెండున్నయి, నేను చెప్తున్న" అంది భూమవ్వ, కళ్లెత్తకుండానే.

అత్తలను గురించి లోకం చెప్పుకునేదంతా ఈమెను చూసే చెప్పుకుని ఉంటారని మనసులో తిట్టుకుంటూ లేదు, లేదు అని రాసుకుని లేచాను. వనిత నీళ్ల బిందె నెపం పెట్టుకుని సందు మలుపుదాకా నా వెంట వచ్చింది.

"అక్కా, మీరు చేసే కెమెరా ఆపరేషన్‌ల కడుపంత కోస్తరా?"

"లేదు. చిన్న చిన్న తూట్లు పెట్టి లోపటికి చూస్తరు. అతుక్కున్నయి ఉంటె అప్పుడే ఇడదీస్తరు."

"తర్వాత పిల్లలైతరా?"

"కొందరికైతరు. ఆశ పెరుగుతదని చెప్పగలం గంతే. నొప్పి మస్తున్నోళ్లకు ముందుగాల చేస్తరు. నీకైతే లేదాయె."

వనిత బిందె ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది. "లేదక్కా" అని, మళ్లీ తనే అంది. "రాయికల్‌ల మా ఆయన మేనత్త ఉన్నది, దుర్గవ్వ. ఒక పిల్లను చూసి పెట్టిందట. దీపావళి దాక చూస్తదట. కడుపు పండకపోతె నాతోని ఇడుపు కాయితం రాయించి, గా పిల్లను చేస్తరట."

"అజయ్ బావేమంటడు?"

"ఆయన ఏమనడు. నవ్వుతడు. నవ్వేటోన్ని ఎన్ని దినాలు నమ్ముడక్కా?"

ఆ మాట నన్ను వదల్లేదు. అది శ్రావణమాసం, దీపావళి ఎంతో దూరం లేదు.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బడులు మూశారు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. రోడ్డుమీద ప్రతి ఊరి దగ్గరా టెంటు, టెంటులో మైకు, మైకులో జై తెలంగాణ. నేను పెద్దమ్మ ఇంట్లో చిక్కుకుపోయాను. చిక్కుకుపోయానని అనడమే గానీ నాకూ టెంటులో కూర్చోవడం ఇష్టంగానే ఉండేది. కాకపోతే రోజంతా నినాదాలు చేస్తే గొంతు పోతుంది, పనిలేని మనిషికి కాలు నిలవదు. అలా ఒక పగటిపూట చెప్పాపెట్టకుండా భూమవ్వ ఇంటికి వెళ్లాను. అంతకు ముందు ఎప్పుడు వెళ్లినా భూమవ్వ చెప్పిన రోజునే వెళ్లేదాన్ని. ఫలానా రోజు రా బిడ్డా, ఆ రోజు తీరికగా ఉంటం అనేది. ఆ మాటలో ఏముందో నాకు తట్టలేదు.

వాకిట్లో భూమవ్వ ఒక్కతే ఉంది. ఒళ్లో ఒక చాట. పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఇంకో చాట. అందులోనూ సగం చుట్టిన బీడీలున్నాయి. ఆమె వేళ్లు నేను ఎన్నడూ చూడనంత వేగంగా కదులుతున్నాయి. నన్ను చూసి రెండో చాట మీద కొంగు కప్పింది.

"వనితేది అత్తా?"

"తలకు పోసుకొని పండుకున్నది."

లోపల్నుంచి ఒక మూలుగు వినబడింది. నోట్లో ఏదో కుక్కుకుంటే వచ్చే మూలుగు. భూమవ్వ నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. ఆమె ఆపేలోపే లోపలికి పోయాను.

వనిత గోడవారగా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుని ఉంది. నోట్లో కొంగు. ముఖం చెమటతో తడిసి ముద్దయింది. పొట్టకు వేడినీళ్ల సీసా అదుముకుంది. గుండ్రాయి లెక్కున్న పిల్ల ఆమె. నేను పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంటే నోట్లోంచి కొంగు తీసి, "అక్కా, ఆయనకు చెప్పకు" అంది మొదట. చెప్పనని మాటిచ్చాను. తర్వాత, "అత్తమ్మను ఏమనకు, ఆమెనే నాకు దిక్కు" అంది.

ఆ రెండో మాట నాకు బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. బయటికొచ్చి భూమవ్వ ఎదురుగా, వనిత కూర్చునే చోట కూర్చున్నాను.

"ఎన్నొద్దుల సంది గిట్ల?"

"కాపురానికచ్చినప్పటి సంది." చేతులు ఆగలేదు.

"నెలనెల దాని పని నువ్వే చేస్తున్నవా?"

"మరెవ్వలు చేస్తరు? నా వెయ్యి నేను చుట్టాలె, దాని వెయ్యి చుట్టాలె. కార్ఖానల లెక్క తప్పితె ఎందుకు తప్పిందని అడుగుతరు. ఒకలకు తెలిస్తె వాడకట్టంత తెలుస్తది. వాడకట్టుకు తెలిస్తె రాయికల్‌కు ఎంతసేపు? రోగపు పిల్లను అంటగట్టిన్రు అని దుర్గవ్వ తెల్లారే అస్తది."

"దవఖానకు ఎందుకు తీస్కపోలె అత్తా?"

"దవఖానకు పోతె దాగుతదా? అయినా గీ నొప్పికి మందు నాకు ఎరికే. ఒక్క పిల్లో పిలగాడో పుడితె పోతది. నాకు సుత గిట్లనే ఉండె. పెండ్లయినంక తొమ్మిదేండ్లు గింతే. అజయ్ పుట్టిండు, పోయింది. దీనికి సుత ఒక్క కాన్పు అయ్యేదాక దాచాలె, గంతే. అందాక నా చేతులున్నయి."

ఆమె నమ్మకం ఎంత పకడ్బందీగా ఉందంటే, నాకు కోపం తెచ్చుకోవడానికి సందు దొరకలేదు. పిల్ల పుడితే నొప్పి పోతుంది. పిల్ల పుట్టేదాకా నొప్పి దాచాలి. దాచిన నొప్పే పిల్లను పుట్టనివ్వకపోతే? అదే అడిగాను. లోపల అతుక్కుపోవడం గురించి, గొట్టాలు మూసుకుపోవడం గురించి నాకు తెలిసినంత చెప్పాను.

భూమవ్వ మొత్తం విని, "మరి నాకెట్ల పుట్టిండే?" అంది.

నా ఎమ్మెస్సీ ఉన్నట్టుండి ఎటో పోయింది.

మేడానికి ఫోన్ చేశాను. పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. "ఆమె చెప్పింది అబద్ధం కాదు ప్రీతీ. కొందరికి గర్భం నిలుస్తుంది, కాన్పు తర్వాత నొప్పి తగ్గుతుంది కూడా. ఎవరికి నిలుస్తుందో, ఎవరికి నిలవదో మనం చెప్పలేం. కానీ ఒకరికి పుట్టింది కదా అని ఇంకొకరిని కూర్చోబెట్టడం వైద్యం కాదు" అంది. తర్వాత, "పని మానారా అని అడుగుతున్నాం కదా మనం. ఆ రోజుల్లో వాళ్ల పని ఎవరు చేశారని అడుగు" అంది.

మర్నాటినుంచి వాడకట్టులో ప్రశ్న మార్చాను. గా దినాల్ల నీ చాట ఎవలు పడుతరు? ఈసారి ఎవరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. మా చెల్లె పడ్తది. మా తోటికోడలు. పక్కింటామె నాకు చుట్టుతది, ఆమె రోజులకు నేను చుట్టుత. మా పెద్దమ్మ సాయవ్వ కూడా, "మీ పెద్దబాపు చుట్టేటోడు తలుపేసుకొని" అని ముసిముసిగా నవ్వింది. ఇన్ని నెలలుగా నేను లేదు అని రాసుకున్న ప్రతి ఇంట్లో ఉంది. ఇంకొకరి వేళ్ల వెనక దాక్కుని ఉంది. గణేశ్ తంబాకు సిద్ధాంతం ఆ పూటే చచ్చిపోయింది. మంచి చావే అది.

భూమవ్వ మాత్రం మెత్తబడలేదు. కెమెరా ఆపరేషన్ మాట ఎత్తితే చాట అటు తిప్పుకుని కూర్చునేది. వనిత నోరు విప్పదు. నేను మాటిచ్చాను కాబట్టి అజయ్‌కు చెప్పలేను. దీపావళి దగ్గరపడుతోంది.

సమ్మె ముదిరింది. బొగ్గు గనులు ఆగి కరెంటు పోయింది. కరెంటు పోయి సిరిసిల్లలో మగ్గాలు ఆగాయి. అజయ్ బండేసుకుని ఇంటికొచ్చేశాడు, ఒక పూటకు కాదు, సమ్మె అయ్యేదాకా. ఆ వెనకే లారీలు ఆగిపోయి తునికాకు రావడం మానేసింది. కోరుట్లలో చాటలన్నీ గోడకానించారు. ఒకరోజు భూమవ్వ తనంత తానే పెద్దమ్మ ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది. ఖాళీ చేతులతో ఆమెను చూడటం నాకదే మొదటిసారి.

"దానికి దినాలు దగ్గరవడ్డయి బిడ్డా. వాడు ఇంట్లనే ఉన్నడు. చుట్టుడు ఉంటె రెండు చాటలు ముంగటేసుకుందు. ఇప్పుడు దాన్ని దేనెనుక దాచాలె?"

"దాచకు అత్తా."

"నీకేంది, చెప్తవు" అని లేచి వెళ్లిపోయింది.

మా వాడకట్టు వంతు వచ్చింది. నడిరోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, పొద్దుగూకేదాకా బండి కదలనివ్వకూడదు. ఆడవాళ్లంతా ఇంటినుంచి బియ్యం, ఉల్లిగడ్డలు పట్టుకొచ్చారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. రాయికల్ ట్రాక్టరులోంచి దుర్గవ్వ దిగింది. మెడలో గులాబీ కండువా, చేతిలో తంగేడుపూలు, కళ్లు మాత్రం కోడలి కడుపు మీద.

వనిత ఆ పొద్దున్నే బయట చేరిందని నాకు తెలుసు. ఇంట్లో ఉండమంటే భూమవ్వ ఒప్పుకోలేదు. రాకపోతే దుర్గవ్వ అడుగుతుంది, ఏమైందని అజయ్ అడుగుతాడు. నలుగురిలో నిలబడితే కాసేపటిదాకా ఎవరికీ తెలియదనుకుంది. మాత్రలు మింగించి, నడుముకు గుడ్డ బిగించి తెచ్చింది. పొయ్యి దగ్గర వనిత నవ్వుతూనే కూర్చుంది. ఎసరు పెట్టింది, కట్టెలు తోసింది. ఆ నవ్వు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

గంజి వార్చడానికి గిన్నె దింపబోయి వనిత మధ్యలోనే ఆగిపోయింది. గిన్నె ఒరిగింది. భూమవ్వ ఒక్క గెంతున వచ్చి గిన్నెను కాలితో అవతలికి తన్నింది, లేకపోతే ఆ గంజంతా పిల్ల మీదే పడేది. వనిత రోడ్డు మీద ముడుచుకుపోయి, ఈసారి కొంగు అందక, గట్టిగానే అరిచింది. అజయ్ టెంటులోంచి పరుగెత్తుకొచ్చి తల్లిని అడిగాడు.

"ఏమైంది? అవ్వా, ఏమైందే దీనికి?"

దుర్గవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఇదేం రోగం వదినె? మాకెవ్వలు చెప్పకపోతిరి."

"రోగం లేదు ఏం లేదు, ఎండ తాకింది" అంది భూమవ్వ. మబ్బు పట్టి ఉంది ఆ రోజు. ఎవరూ పైకి చూడలేదు గానీ ఆమే చూసింది. చూసి, రోడ్డు మీద కోడలి పక్కన కూర్చుంది. వనిత తల తీసి ఒళ్లో పెట్టుకుంది. మైకులో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు.

"రోగమే" అంది భూమవ్వ. "ముట్టయినప్పుడల్ల గింతే. ఆరేండ్ల సంది. నేనే దాచిన. అది లోపట పొర్లుతాంటె బయట కూసోని దాని బీడీలు చుట్టిన. మొగనికి చెప్పనియ్యలె. దవఖానకు పోనియ్యలె. నాకు సుత గిట్లనే ఉండె, నాకు పోయింది, దీనికి సుత పోతది అనుకున్న."

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో సగంమందికి ఇది కొత్త సంగతి కాదని నాకు అప్పటికి తెలుసు. దుర్గవ్వ కండువా సర్దుకుంది.

"అయితె ముచ్చట తేలిపోయింది. రోగమున్న పిల్లను పెట్టుకొని ఏం జేస్తరు? మావోడు దీపావళి దాక ఆగుడెందుకు?"

"దుర్గవ్వా," అంది భూమవ్వ నెమ్మదిగా, "గొడ్రాలని నాకు సుత నువ్వే గదనే సవతిని చూసింది. పిల్లనిచ్చేటోళ్లు ఇంటికస్తె నీ అన్న ఏం జేసిండో యాదికున్నదా? మోకు ఏసుకొని తాటిచెట్టెక్కిండు. వాళ్లు బువ్వ తిని, ఎదురుచూసి, ఎదురుచూసి ఎల్లిపోయేదాక దిగలె."

ఒకావిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి అంటుకుంది. దుర్గవ్వకు ఆ సంగతి బాగానే గుర్తున్నట్టుంది, జనంలోకి వెనక్కి జరిగింది.

అజయ్‌కు నవ్వు రాలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి ముఖం అలా అయిపోతే చూడటం కష్టం. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు వనితతో.

"వారానికొక్క పూట అస్తవు. గా పూటన్న నువ్వు నా మంచి మొగం చూడాలె అనుకున్న" అంది వనిత, పళ్లు బిగించుకునే.

అజయ్ లేచి నా దగ్గరికొచ్చాడు. "జగిత్యాలల మీ దవఖానున్నదంటివి. తోల్కపోదాం. బండి నేను తీస్త, ఆమెను నడుమల కూసోవెట్టుకొని నువ్వు ఎనుకకెల్లి పట్టుకో."

రోడ్డుకడ్డంగా పెట్టిన రాళ్లను తీసింది భూమవ్వే. పొద్దుగూకేదాకా ఎవరినీ కదలనివ్వబోమన్న వాడకట్టు మా బండికి దారిచ్చింది. జగిత్యాల దాకా ప్రతి ఊరి దగ్గరా ఆపారు. వెనకనుంచి నేను, ఆడమనిషికి పాణం బాగలేదన్నా అంటే ప్రతి ఊళ్లోనూ రాళ్లు జరిపారు. మేడం స్నేహితురాలి నర్సింగ్ హోంలో జనరేటర్ వేసి స్కాన్ తీశారు. రెండు అండాశయాల మీదా గడ్డలున్నాయి, పాత రక్తం నిండిన గడ్డలు. వాటిని చాక్లెట్ సిస్టులంటారని డాక్టరమ్మ చెబితే అజయ్ అర్థంకాక నావైపు చూశాడు. ఇంత జబ్బుకు ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకూ తెలియదు.

సమ్మె ముగిసిన వారంలో, దీపావళి వెళ్లాక, మేడం హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడే కెమెరా ఆపరేషన్ చేసింది. దుర్గవ్వ దీపావళికి కోరుట్ల రాలేదు. ఆపరేషన్ మర్నాడు మేము వనిత మంచం చుట్టూ ఉన్నాం.

"నొప్పున్నదా?" అని అడిగాడు అజయ్.

వనిత అలవాటుగా అత్తవైపు చూసింది. భూమవ్వ కిటికీవైపు చూస్తోంది, సాయం చేయలేదు. "ఉన్నది" అంది వనిత. "మస్తున్నది." అజయ్ నర్సును పిలవడానికి పోయాడు.

మేడం వచ్చి దాపరికం లేకుండా చెప్పింది. గడ్డలు తీసేశారు. పేగుకు అతుక్కున్న చోట్ల వీలైనంత విడదీశారు. ఎడమవైపు గొట్టం బాగా పాడైంది, పనికిరాదు. కుడివైపుది తెరుచుకుని ఉంది. ఇక ఆలస్యం చేయకుండా ప్రయత్నించాలి. నిలిస్తే నిలవొచ్చు. నిలవకపోతే వేరే దారులున్నాయి, అవీ ఖాయమని చెప్పలేం. జబ్బు మళ్లీ రాదనీ చెప్పలేం.

భూమవ్వ అన్నీ విని, "ముందుగాల తెస్తె గా ఎడమదిక్కుది దక్కునా డాక్టరమ్మా?" అంది.

నేను మేడం అబద్ధం చెబితే బాగుండునని ఆ క్షణంలో మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

"దక్కేదేమో అమ్మా. దక్కకపోనూ వచ్చు. కొందరికి ఏళ్ల తరబడి పెరగదు, కొందరికి పెరుగుతుంది. ముందే చెప్పగలిగేంత చదువు మాకింకా రాలేదు. ఆరేళ్ల నొప్పి మాత్రం ఇంత ఉండేది కాదు. అది చెప్పగలను."

భూమవ్వ తలూపింది. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ వేళ్ల చివర్లు తంబాకుకు నల్లబడి ఉన్నాయి. తర్వాత, "నా ముచ్చట సుత రాసుకుంటరా?" అని అడిగింది.

"మేం పిల్లలు లేనివాళ్లవే రాస్తున్నామమ్మా. మీకు కొడుకున్నాడు కదా."

"వాడు పుట్టకముందు తొమ్మిదేండ్లు నాకెవ్వలున్నరు? గా తొమ్మిదేండ్లు రాసుకోండ్రి."

మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నావైపు చూసింది, అడుగు అన్నట్టు. నోటికి అలవాటైన ప్రశ్నే వచ్చింది నాకు.

"అత్తా, గా దినాల్ల నీ చాట ఎవలు పట్టిన్రు?"

"మా అత్త" అంది భూమవ్వ. "నోరు మంచిది గాదు ఆమెది, ఊరంతటితోని కొట్లాట. నాకు నొప్పి లేస్తె మాత్రం తలుపు దగ్గరికేసి, నా చాట తీసుకొని ఒక్కమాట మాట్లాడకుంట చుట్టేది. పిల్లలైతె పోతది తియ్యే అనేది. గంత మంచిగ ఎవ్వలు చూసుకోలె నన్ను. గందుకే నేను సుత గట్లనే చేసిన." వనిత మీది దుప్పటి సర్దింది. "మా అత్త నాకు చుట్టింది. నేను దీనికి చుట్టిన. రేపు ఇది దీని కోడలికి చుట్టద్దు. గది రాసుకోండ్రి."

వనితకు కోడలు రావాలంటే ముందు కొడుకు పుట్టాలి. ఆ గదిలో ఎవరూ ఆ మాట ఇవ్వలేదు, ఇవ్వగలిగినవాళ్లు కూడా లేరు. మేడం సరిదిద్దలేదు, భూమవ్వ చెప్పింది చెప్పినట్టే రాసుకుంది. వనిత గోడవైపు తిరిగి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.